ములికి ఎంపిక సంఘంలో అడవికోడి

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర ఒక అర్జీ పెట్టుకున్న జంతువు ఆ చివరి నుంచి జవాబు వచ్చేసరికి మనవల్ని ఎత్తేటంత పెద్ద అడవిలో, ఒక ముసలి పులి రాజ్యం చేస్తుండేది. దానికి పళ్ళు దాదాపు ఊడిపోయాయి. కాళ్ళలో పరుగు పోయింది. నోట్లో నీళ్ళు ఊరడం మాత్రం ఆగలేదు.

ఆ నీళ్ళు అడవికోళ్ళని చూస్తే మరీ ఊరేవి. లేత ఎముక, మెత్తటి మాంసం, పెద్దగా నమిలే పని లేదు. కానీ అడవికోడి ఊరకోడిలాంటిది కాదు. పులి వాసన తగిలిందంటే చాలు, రెక్కలు టపటపలాడించి వెదురు కొమ్మల్లో కూర్చుంటుంది. పులి కింద నిలబడి పైకి చూసి, మెడ నొప్పి పెట్టాక ఇంటికి పోయేది.

ఈ బాధ చూడలేక గుంటనక్క గుర్నాథం ఒకరోజు కొలువులో లేచి నిలబడ్డాడు. గుర్నాథం రాజుగారి సలహాదారు. ఎవరూ అడక్కపోయినా సలహా ఇచ్చేవాడు కనుక ఆ ఉద్యోగం అతనికే ఇచ్చారు.

"మహారాజా, గోళ్ళతో వేటాడటం మోటు పద్ధతి. మనుషుల్ని చూడండి. విల్లు పట్టుకుని ఉన్నచోటే నిలబడి, చెట్టు మీది కోడిని జామకాయలా రాలగొడతారు. మనం కూడా ఒక కోళ్ళ వేట శాఖ పెట్టుకుందాం."

పులికి 'శాఖ' అన్న మాట నచ్చింది. వెదురుతో విల్లు చేయించారు. రెండు కాళ్ళ మీద నిలబడగలడు కాబట్టి ఎలుగుబంటి బుడ్డన్నని విలుకాడిగా వేశారు. విల్లు చేతికొచ్చిన మర్నాటి నుంచి బుడ్డన్న నాలుగు కాళ్ళ మీద నడవడం మానేశాడు. భార్య పిలిచినా పక్కకి తిరిగి, ఒక కన్ను మూసి, గురి చూసి పలికేవాడు.

అంతా సిద్ధమయ్యాక ఒక చిక్కొచ్చింది. బాణం చివర బిగించే ములికి ఎలాంటిది ఉండాలి?

"వెడల్పుగా ఉండాలి. దెబ్బ పెద్దదైతే కోడి పది అడుగులు కూడా పోదు" అన్నాడు బుడ్డన్న.

"సన్నగా ఉండాలి. వెడల్పుది ఈకల మీద జారిపోతుంది" అన్నాడు గుర్నాథం.

"బరువు ఎంత ఉండాలో తేల్చారా? బరువెక్కువైతే బాణం దారిలోనే తల వంచేస్తుంది" అంది, ఏనాడూ బాణం చూడని పులి.

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి అడవిలో ఏది తేలకపోయినా చేసే పనే చేశారు. ఒక సంఘం వేశారు. దాని పేరు ములికి ఎంపిక సంఘం. అధ్యక్షుడు గుర్నాథం. కాగితాలు చూసేది తాబేలు తాతారావు. పదిరోజుల్లో ములికి తేల్చాలి, పదకొండోరోజు పొద్దున వెదురు తోపులో వేట మొదలుపెట్టాలి అని రాజాజ్ఞ.

ఆ వెదురు తోపులోనే గోరంటమ్మ కాపురం. గోరంటమ్మ అడవికోడి పెట్ట. ఏడుగురు పిల్లలు. ఆ పూట పిల్లలకి చెదలు గీరి పెడుతుంటే కాకి వచ్చి ఒక ఆకు పడేసి పోయింది. దాని మీద ఇలా ఉంది: 'తమరు ములికి ఎంపిక సంఘంలో వాడకందారుల తరఫు సభ్యురాలు. తప్పక రాగలరు.'

వెళ్ళకపోతే రాజధిక్కారం, వెళితే పులి నోరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అదృష్టవంతురాలివి మరదలా! నన్ను పిలవలేదేం?" అన్నాడు కిరీటి.

కిరీటి ఆమె అక్క మొగుడు. ఆ తోపులో పెద్ద పుంజు. తన కూత వినే సూర్యుడు లేస్తాడని అతని గట్టి నమ్మకం. మబ్బు పట్టిన రోజున సూర్యుడి మీద అలిగేవాడు కూడా.

"అది మనల్ని చంపడానికి వేసిన సంఘం బావగారూ!"

"కావచ్చు. కానీ పేరు రికార్డులో ఉంటుంది కదా" అన్నాడు కిరీటి.

భయం భయంగానే గోరంటమ్మ కొలువుకి వెళ్ళింది. తాతారావు ఆమెకి చదునైన రాయి చూపించి, "కూర్చో అమ్మా. సంఘం పని అయ్యేదాకా నీ మీద ఈగ వాలదు. నువ్వు సభ్యురాలివి. వేట మొదలయ్యాక సంగతి వేరే శాఖ చూసుకుంటుంది" అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

"నన్నెందుకు పిలిచారు తాతారావుగారూ?"

తాతారావు డిప్పలోంచి ఒక మడత కాగితం తీశాడు. ఆ అడవిలో ఏ సరుకు కొనాలన్నా వాడినవాళ్ళ అభిప్రాయం తీసుకోవాలి. కొత్త ఫారం రాయాలంటే రెండేళ్ళు పడుతుంది. అందుకని కిందటి వానాకాలం దగ్గు కషాయం కొన్నప్పటి ఫారంలోనే 'కషాయం' కొట్టేసి 'ములికి' అని రాశాడు. మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంది.

వాడిన తరువాత ఎలా ఉంది? మళ్ళీ వాడతారా? తోటివారికి కూడా చెబుతారా? కింద వాడకందారు కాలిముద్ర.

"ఒక్కో మంచి మాటకి ఒక్కో మార్కు. ఎక్కువ మార్కులు వచ్చిన ములికినే కొనాలి. ఇందులో రాజుగారైనా నేనైనా చేసేదేం లేదు" అన్నాడు తాతారావు.

గోరంటమ్మ రెండుసార్లు చదివింది. తను సరిగ్గానే చదివిందా అని మూడోసారి చదివింది.

గుర్నాథం గొంతు సవరించుకున్నాడు. "మూడు రకాల ములుకులు పోటీకి రావాలని రూలు. ఒకటి బుడ్డన్నది, ఇనప ములికి. ఎవరో వేటగాడు పారేసుకున్నది, నాలుగు అంచులు, గాలి తగిలినా తెగుతుంది. రెండోది మా పక్క బొరియ ముళ్ళపంది సూరన్న ముల్లు. నాకు సూరన్నతో ఏ సంబంధమూ లేదు."

సంబంధం లేకేం? ముల్లు ఎంపికైతే పడిన ప్రతి మూడో కోడి ముల్లు ఖరీదు కింద గుర్నాథం బొరియకి చేరేటట్టు ఇద్దరూ ముందే అనుకున్నారు.

"మూడోది ఎవరూ తేలేదు. అమ్మా గోరంటమ్మా, లెక్కకి నువ్వొకటి పట్టుకురా. పుల్లో పుడకో, ఏదైనా సరే. మేం ఒప్పుకుంటాం" అంటూ గుర్నాథం అక్కడికక్కడే కాగితం మీద పంజా ముద్ర వేసేశాడు.

ఐదోరోజున ఇనప ములికి పరీక్ష. ఎవరి మీద వెయ్యాలి? అడవి అంతా దండోరా వేశారు. ముందుకొచ్చినవాడికి 'ప్రథమ వాడకందారు' అని బిరుదు, మెడలో మోదుగుపూల దండ.

గోరంటమ్మ వద్దని కాళ్ళు పట్టుకుంది. అక్క అడ్డంపడింది. కిరీటి వినలేదు. "మన జాతిలో ఇంతవరకు ఎవరికైనా బిరుదు వచ్చిందా?" అని అడిగాడు. దండ వేయించుకుని, రొమ్ము విరుచుకుని, కొమ్మ మీద కదలకుండా నిలబడి ఒక్క కూత కూశాడు. బుడ్డన్న ఒక కన్ను మూశాడు. బాణం వదిలాడు.

కిరీటి రాలిపోయాడు. ఒక్క ఈక కూడా కొట్టుకోలేదు.

"చూశారా!" అని గంతులేశాడు బుడ్డన్న. పులి నాలుక చప్పరిస్తూ లేచింది.

"ఆగాలి మహారాజా" అన్నాడు తాతారావు. "ఫైలు మూసేదాకా నమూనా ముట్టుకోకూడదు."

ఆయన మెల్లగా, మెల్లగా, ఇంకా మెల్లగా నడిచి కిరీటి దగ్గరికి వెళ్ళి వంగి అడిగాడు. "కిరీటిగారూ, వాడిన తరువాత ఎలా ఉంది?"

జవాబు లేదు.

"మళ్ళీ వాడతారా?"

జవాబు లేదు.

"తోటివారికైనా చెబుతారా?"

ఒక గాలి వీచి మోదుగుపూల దండ కదిలింది. తాతారావు కాసేపు చూసి, నిట్టూర్చి, ఫారం మీద రాశాడు: 'వాడకందారు సహకరించలేదు. మార్కులు సున్న.'

గోరంటమ్మ ఆ రోజు ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. బతికున్నంతకాలం బావతో రోజూ తగువే. పొద్దున్నే చెవి దగ్గర కూస్తాడని తిట్టేది. ఇప్పుడు ఆ కూత లేని తోపు ఆమెకి తోపులా లేదు. అక్కని పట్టుకుని ఏడ్చింది, పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఠక్కున ఆగింది.

"అక్కా, సున్న" అంది.

"ఏం సున్నే?"

"బావగారిని ఒక్క దెబ్బకి చంపిన ములికికి సున్న మార్కులే! బాగా చంపేదానికి మంచి మాట చెప్పేవాళ్ళు మిగలరు. మంచి మాట కావాలంటే తగిలినవాడు బతికుండాలి!"

అక్కకి అర్థం కాలేదు. గోరంటమ్మ అప్పటికే తోపు దాటి తునికి చెట్ల వైపు ఉరుకుతోంది.

అదే సంగతి గుర్నాథానికి కూడా తట్టింది. తట్టకపోతే నక్క ఎందుకవుతాడు? ముల్లు బలంగా వేస్తే కోడి చస్తుంది, సున్న. మెల్లగా వేస్తే గుచ్చుకున్న కోడి తిట్టిపోస్తుంది, అదీ సున్నే. ఏడోరోజు పొద్దున దాకా బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి తాతారావుని అడిగాడు.

"వాడకందారు కోడే అయ్యుండాలా?"

తాతారావు ఫారం అటూ ఇటూ తిప్పాడు. "అలా ఏం లేదు. దగ్గు ఎవరికైనా వస్తుంది కదా."

"అయితే ముల్లు నేనే వాడతాను" అన్నాడు గుర్నాథం.

బుడ్డన్నకి ముందే చెవిలో ఊదాడు, మెల్లగా వెయ్యమని. కానీ బుడ్డన్న విలుకాడు. అడవి అంతా చూస్తుంటే మెల్లగా వేస్తాడా? విల్లు చెవి దాకా లాగి వదిలాడు. సూరన్న ముల్లు వెళ్ళి గుర్నాథం పిరుదులో బెత్తెడు దిగబడింది.

గుర్నాథం కళ్ళు తేలేశాడు. అరుపు గొంతు దాకా వచ్చింది. వచ్చినదాన్ని అక్కడే నొక్కి పట్టాడు.

"ఎలా ఉంది?" అని అడిగాడు తాతారావు కలం పట్టుకుని.

"హా... హాయిగా ఉంది."

"కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయే?"

"ఆనందం. ఆనందబాష్పాలు."

"మళ్ళీ వాడతారా?"

గుర్నాథం కక్కలేక మింగలేక చుట్టూ చూశాడు. పులి చూస్తోంది. సూరన్న చూస్తున్నాడు. "తప్పకుండా" అన్నాడు.

"తోటివారికి చెబుతారా?"

"శత్రువుకి కూడా చెబుతాను!"

"చాలా సంతోషం" అన్నాడు తాతారావు. "మూడు మార్కులు. అయితే మీరు మళ్ళీ వాడతానన్నారు కదా, ఆ మాట నిజమని రుజువు కావాలి. ఇంకో రెండుసార్లు వాడాలి."

ఇంకో రెండుసార్లు వాడించారు. బుడ్డన్న గురి రోజురోజుకీ బాగుపడుతోందని అందరూ మెచ్చుకున్నారు. మొత్తం తొమ్మిది మార్కులతో గుర్నాథాన్ని నలుగురు మోసుకుపోయి బొరియలో బోర్లా పడుకోబెట్టారు. ఇక గెలుపు నాదేనని అతను అలాగే బోర్లా పడుకుని నవ్వుకున్నాడు.

తొమ్మిదోరోజు గోరంటమ్మ వంతు. ఆమె తెచ్చిన బాణం చివర బూరుగుదూది ఉండ చుట్టి ఉంది. దాని మీద బంగారు రంగులో, మిగలపండి, వేలితో నొక్కితే పగిలేట్టున్న తునికిపండు గుచ్చి ఉంది.

"ఇది ములికేనా?" అన్నాడు బుడ్డన్న వాసన చూస్తూ. ఎలుగుబంట్లకి తునికిపండంటే ప్రాణం. నాలుక బయటికి రాకుండా గట్టిగా మూతి బిగించాడు.

"బాణం చివర ఉంది కదా, ములికే" అన్నాడు తాతారావు. "అధ్యక్షులవారు 'ఏదైనా సరే' అని ముందే ముద్ర వేశారు."

గోరంటమ్మ పెద్దపిల్ల వచ్చి నిలబడింది. లెక్క తప్పితే? దూది జారి ఉత్త వెదురు తగిలితే? తల్లి కళ్ళు మూసుకుంది. వింటి తాడు మోగింది. 'ఫట్' మంది.

కళ్ళు తెరిచి చూస్తే పిల్ల తల నుంచి తోక దాకా పసుపుపచ్చని గుజ్జు కారుతోంది. పిల్ల తన రెక్కని తనే పొడుచుకుని తింటోంది.

"ఎలా ఉంది తల్లీ?"

"తియ్యగా ఉంది!"

"మళ్ళీ వాడతావా?"

"ఇప్పుడే!"

"తోటివారికి చెబుతావా?"

చెప్పక్కర్లేకపోయింది. తోపులో కోళ్ళన్నీ కొమ్మలు దిగి వచ్చేశాయి. నన్ను కొట్టండి అంటే నన్ను కొట్టండి అని తోసుకున్నాయి. కర్ర ఊతంతో కూడా నిలబడలేని ఒక ముసలి పెట్ట, "నాకు పళ్ళు లేవు నాయనా, కాస్త నోటికి గురిచూసి కొట్టు" అని బతిమాలింది. నెమళ్ళు ఈకలు ముడుచుకుని, మేమూ కోళ్ళమే, దూరపు చుట్టాలం అని వరుసలో దూరాయి. బుడ్డన్న గుక్క తిప్పుకోకుండా వేస్తూనే ఉన్నాడు. వేసిన ప్రతి బాణమూ తగిలింది. తగలకుండా పోబోయిన బాణానికి కోళ్ళే ఎగిరి ఎదురెళ్ళాయి. జీవితంలో అతనికి అంత మంచి రోజు ఎన్నడూ రాలేదు. సంతోషం పట్టలేక విల్లుని ముద్దు పెట్టుకున్నాడు.

సాయంత్రానికి నలభైమూడు ఫారాలు. నూట ఇరవై తొమ్మిది మార్కులు.

పదోరోజు ఫైలు రాజుగారి ముందుకొచ్చింది. గుర్నాథం కుంటుకుంటూ వచ్చి అరిచాడు. "అన్యాయం మహారాజా! అది ములికి కాదు, పండు! కోళ్ళు దాన్ని తింటున్నాయి!"

"వాడకందారులు సరుకుని అంత ఇష్టంగా వాడటం ఈ ఆఫీసులో నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు తాతారావు. "దగ్గు కషాయానికి ఆరు మార్కులే వచ్చాయి. అందులో మూడు దాన్ని కాచినవాడివే."

పులి ఫైలుని చాలాసేపు చూసింది. దానికి చదువు రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని దాని బెంగ. "ఇంతకీ ఇది కోడిని చంపుతుందా?" అని అడిగింది.

గోరంటమ్మ తాతారావు వైపు చూసింది.

తాతారావు ఫారం తీసి పైనుంచి కింద దాకా, వెనకవైపు కూడా చూశాడు. "ఆ ప్రశ్న ఫారంలో లేదు మహారాజా."

"లేదా?"

"లేదు. చేర్చాలంటే రెండేళ్ళు."

పులి తల పంకించింది. సున్న, తొమ్మిది, నూట ఇరవై తొమ్మిది. ఎంత చదువు రాకపోయినా ఏది పెద్దదో దానికి తెలుసు. పంజా ముద్ర వేసేసింది. ఫైలు మూశారు. ఇక నమూనా తినవచ్చని తాతారావు అనుమతి ఇచ్చాడు గానీ, వేసవి ఎండకి ఐదురోజులు పడున్న నమూనాని పులి కూడా వాసన చూసి వదిలేసింది. గోరంటమ్మా అక్కా కలిసి బావని వెదురు మొదట్లో పూడ్చి, మట్టి కప్పి, దండ పైన పెట్టారు.

పదకొండోరోజు పొద్దున వేట మొదలైంది. పక్క అడవుల నుంచి పెద్దలొచ్చారు. నాలుగురోజులుగా ఆకలిని దాచుకున్న పులి ఎత్తైన బండ మీద కూర్చుంది. కోళ్ళు గుంపులు గుంపులుగా మైదానంలోకి వచ్చి, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి.

గుర్నాథం బుడ్డన్న వెనక్కి చేరి గుసగుసలాడాడు. "ఇంతకన్నా సులువు ఎప్పుడూ దొరకదు. పండు తీసేసి ఇనప ములికి బిగించు. ఒక్కో బాణానికి రెండేసి పడతాయి."

గోరంటమ్మ ఆ మాట విన్నది. పిల్లలు ఎక్కడెక్కడో చెదిరిపోయి ఉన్నారు. పిలిచినా వచ్చేట్టు లేరు.

బుడ్డన్న ఇనప ములికిని చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇది వేస్తే మొదటి కోడి పడుతుంది" అన్నాడు. "రెండోదానికల్లా అన్నీ చెట్లెక్కేస్తాయి. మూడోదాని నుంచి నా గురి తప్పుతుంది. ఇంతమంది పెద్దల ముందు నన్ను తప్పు గురి వాడిని చేద్దామనా నీ ఎత్తు?"

"అది కాదయ్యా..."

"పండుతో నా బాణం ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. పో అవతలికి!" అంటూ ములికిని వాగులోకి విసిరేశాడు.

తరువాత జరిగింది ఆ అడవి చరిత్రలోనే గొప్ప వేట. మూడు వందల బాణాలు, మూడు వందల దెబ్బలు, ఒక్క ఫిర్యాదూ లేదు. పక్క అడవుల పెద్దలు లేచి నిలబడ్డారు. "ఇలాంటి క్రమశిక్షణ గల ఎర మా దగ్గర లేదు" అని పులికి దండలేశారు. జింకలూ కుందేళ్ళూ మైదానం అంచున గుమిగూడి, కోళ్ళకేనా వేట, మాకు లేదా, మేం పన్ను కట్టడం లేదా అని నినాదాలు మొదలెట్టాయి. వాళ్ళని శాంతపరచడానికి వచ్చే ఏడు నుంచి అందరినీ వేటాడతామని పులి మాటివ్వాల్సొచ్చింది.

ఇన్ని దండల మధ్య కూర్చుని, ఈ వేటలో ఏదో లోపం ఉందని చెప్పడం ఎలా? పులి మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. కడుపులో పేగులు అరిచాయి. గాలిలో తునికిపండు వాసన గుమగుమలాడుతోంది. అది నమలక్కర్లేనిదని పులికి అప్పుడు తోచింది. ఎవరూ చూడకుండా బండ దిగి వచ్చి, వరుసలో నిలబడింది.

దాని ముందు గోరంటమ్మ ఉంది, ఆమె ముందు ఏడుగురు పిల్లలు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. జానెడు దూరంలో పెద్దపులి ముఖం. కొమ్మ ఎక్కాలని రెక్కలు వాటంతటవే లేచాయి. అప్పుడామె ఆ ముఖంలోకి సరిగ్గా చూసింది. అందులో ఉన్నదల్లా, తనదాకా వచ్చేసరికి పండ్లు అయిపోతాయేమోనన్న భయం.

గోరంటమ్మ రెక్కలు దించుకుంది.

"మహారాజా, తోసుకోకండి" అంది. "ముందు పిల్లలు."

పులి ఒకడుగు వెనక్కి వేసింది.

ఈ కథలో నీతి: బలవంతుడితో పోట్లాటకి దిగకండి, ఒక ఫారం ఇచ్చి నింపమనండి.